డబ్బా నిండుగానే ఉంది, ఇంజిన్ మాత్రం మరిగిపోయింది

హోస్ట్: నమస్కారమండీ. ఈసారి విజయనగరం రింగు రోడ్డు పక్కన మా మావయ్య షెడ్డులో కూర్చుని మాట్లాడుతున్నాం. వెనక గ్రైండర్ చప్పుడు వస్తే ఏమీ అనుకోకండి. మావయ్య కుర్రతనంలో సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకున్నారు, ఆ తర్వాత ఇక్కడ కార్లు. మైకు ముందుకి రమ్మంటే నాలుగు నెలలు తప్పించుకు తిరిగారు.

మావయ్య: తప్పించుకోలేదురా, పెళ్లిళ్ల సీజను. ఊరంతా కార్లేసుకుని తిరుగుతుంటే నాకు ఖాళీ ఎక్కడిది?

హోస్ట్: సరే, ముందు నా పరువు తీసే కథ నేనే చెప్పేస్తాను. మే నెలలో ఎస్.కోట మీదుగా అరకు బయల్దేరాం. అనంతగిరి ఘాట్ సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకి వెళ్లిపోయింది. బానెట్ ఎత్తితే రేడియేటర్ పక్కనుండే డబ్బాలోంచి కూలెంట్, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, బుసబుసా పొంగుతోంది. కారులో అమ్మ, పిల్లలు. ఒకటే టెన్షన్.

మావయ్య: అప్పుడు నువ్వేం చేయబోయావో అది కూడా చెప్పు.

హోస్ట్: రేడియేటర్ మూత తీయబోయాను.

మావయ్య: విన్నారా? ఇదీ నా మేనల్లుడి తెలివి. (నవ్వు) ఒరేయ్, మీ అమ్మ కుక్కర్‌లో ఆవిరి పోకుండా మూత తిప్పుతుందా? ఇదీ అంతే. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి పోస్తే మామూలుగా 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల 120 దాటినా మరక్కుండా ఆగుతుంది. ఆ వేడిలో మూత తీశావనుకో, ఒత్తిడి ఒక్కసారిగా పోయి లోపలున్నదంతా మరిగి మొహం మీదకి ఎగజిమ్ముతుంది. సాలూరులో నాతో పనిచేసిన క్లీనరు ఒకడికి మోచేతి నుంచి వేళ్ల దాకా తోలు ఊడిపోయింది. ఇంజిన్ ఆపి కనీసం అరగంట ఊరుకోవాలి. రేడియేటర్ పైగొట్టం నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు గుడ్డ వేసి, మెల్లగా తిప్పాలి.

హోస్ట్: మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది కాబట్టి బతికిపోయాను. చల్లారాక డబ్బాలో నీళ్లు పోసుకుని, ఏసీ లేకుండా మెల్లగా కిందికి దిగిపోయాం. మర్నాడు ఒక గ్యారేజీలో చూపిస్తే ఫ్యాన్ మోటారు పోయిందన్నారు. 6,500 కట్టాను. రెండు వారాల తర్వాత అదే ఘాట్‌లో మళ్లీ అదే కథ.

మావయ్య: మళ్లీ అవ్వక ఏటి! ఎప్పుడు వేడెక్కుతోందని వాళ్లు అడిగారా?

హోస్ట్: లేదు.

మావయ్య: నేను మొదట అడిగేది అదే. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు లేచి, హైవే ఎక్కగానే దిగిపోతే అప్పుడు ఫ్యాన్‌ని అనుమానించాలి. స్పీడులో గాలి దానంతటదే తగులుతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. చాలా కార్లలో ఏసీ వేస్తే చాలు, ఫ్యాన్ తిరగాలి. తిరగలేదా, మోటారు మార్చే ముందు ఫ్యూజు, రిలే, వైర్లు చూడాలి. ఎలుకలు కొరికేసిన వైర్లు నేను ఎన్ని అతికానో! నీ కారు టౌన్లో బానే ఉంది, ఘాట్ ఎక్కితేనే మరుగుతోంది. అంటే ఇంజిన్‌కి బరువు పడినప్పుడు పుట్టే వేడిని నీళ్లు మోయలేకపోతున్నాయి. నీళ్లు తక్కువున్నాయో, సరిగ్గా తిరగడం లేదో, రేడియేటర్ పూడుకుపోయిందో. ఒక్కోసారి పూడిక బయటే ఉంటుంది. నూర్పిళ్లప్పుడు పల్లె రోడ్ల మీద తిరిగిన కార్లకి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఊక, దుమ్ము అట్టకట్టేస్తాయి.

హోస్ట్: నేను నీళ్లు చూసుకుంటూనే ఉన్నాను మావయ్యా. డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉండేది.

మావయ్య: అక్కడే మోసపోయావు. వేడెక్కితే కూలెంట్ ఉబ్బి మూతలోంచి డబ్బాలోకి పోతుంది. చల్లారాక రేడియేటర్ దాన్ని వెనక్కి పీల్చుకోవాలి. నీ కారు పొద్దున్న తెచ్చినప్పుడు పైగొట్టం చూశాను, లోపలికి పీక్కుపోయి ఉంది. మూత తిప్పితే బయటి గాలి హుస్సుమని లోపలికి పోయింది. రేడియేటర్‌లో చూస్తే నీళ్లు పై దాకా లేవు. మూతలో వెనక్కి వదిలే చిన్న వాల్వు తుప్పు మడ్డితో అతుక్కుపోయింది. స్ప్రింగు కూడా నీరసించింది, అందుకే ఒత్తిడి ఆగక కూలెంట్ తొందరగా డబ్బాలోకి తోసేసుకుంది. పోయింది పోయినట్టే, తిరిగి రాలేదు. ఈమధ్య కార్లలో ఆ మూత డబ్బా మీదే ఉంటుంది, అదీ వేడి మీద తీయకూడదు.

హోస్ట్: ఇంత చిన్న మూతా! ఆ గ్యారేజీలోనే ఇంకొకతను థర్మోస్టాట్ తీసి పారేస్తే వేడే ఎక్కదన్నాడు.

మావయ్య: ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌లోని నీళ్లు రేడియేటర్‌కి పోయే దారిలో 82 నుంచి 90 డిగ్రీల మధ్యలో తెరుచుకునే తలుపు లాంటిది. తీసేస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూ రేడియేటర్‌కి పోని పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే కొన్ని నీళ్లు చల్లబడకుండానే తిరిగొచ్చేస్తాయి. ఘాట్‌లో ఇంకా మరుగుతుంది! పైగొట్టం కాలిపోతూ కిందిది చల్లగా ఉంటే అది తెరుచుకోవడం లేదేమో, లేదా రేడియేటర్ పూడిందేమో. పాడైతే కొత్తది వెయ్యాలి. తీసి పారేయడం రిపేరా?

హోస్ట్: రోడ్డు మీద ముల్లు లేస్తే వెంటనే ఏం చెయ్యాలి?

మావయ్య: ఏసీ ఆపి, హీటరు ఫుల్లుగా పెట్టి, ఆపడానికి చోటు చూసుకో. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. పిల్లలు గోల చేస్తారు, చెయ్యనీ. ఇంకో సంగతి. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు ఉన్నట్టుండి చల్లగా కిందికి పడిపోతే సంతోషించకు. నీళ్లన్నీ పోయి సెన్సరు ఆవిరిలో వేలాడుతూ ఉండొచ్చు. అలాగే నడిపితే ఇంజిన్ పైనుండే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ పోతుంది.

హోస్ట్: నాది పోలేదు కదా?

మావయ్య: చూశాను. గ్యాస్కెట్ పోయి ఉంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావాలి, డిప్‌స్టిక్ మీద ఆయిలు పాల టీ రంగుకి మారాలి, తియ్యటి వాసనతో తెల్లపొగ రావాలి. నీకేవీ లేవు. డిసెంబరు పొద్దున్న అరకులో తెల్లపొగ చూసి మాత్రం కంగారు పడొద్దు, ఆ చలికి ప్రతి కారూ వదుల్తుంది.

హోస్ట్: ఆ రోజు డబ్బాలో బోరు నీళ్లే పోశాను.

మావయ్య: రోడ్డు మీద వేరే గతి లేకపోతే పొయ్యి. ఇంటికొచ్చాక తీయించెయ్యి. ఉప్పు పేరుకుని సన్న గొట్టాలు పూడిపోతాయి. మా కాలంలో రేడియేటర్ కారితే డ్రైవర్లు పసుపు గుప్పెడు వేసేవాళ్లు, కన్నం మూసుకునేది. ఊరు చేరాక పూడికంతా మాకే పని. పాత కూలెంట్ నేల మీద వదలకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

హోస్ట్: ఇప్పుడు కొత్త మూత, కొత్త కూలెంట్. అంతేనా?

మావయ్య: కూలెంట్‌లో చిక్కుకున్న గాలి తియ్యొద్దూ? ముందు చక్రాలు కాస్త ఎత్తులో పెట్టి, మూత తెరిచి, హీటరు వేసి, బుడగలు ఆగేదాకా నడిపాను. గాలి ఉండిపోతే మళ్లీ నా మీదే పడి ఏడుస్తావు. అవును గానీ, నీ పాత ఫ్యాన్ మోటారు ఏదీ?

హోస్ట్: ఆ గ్యారేజీలోనే వదిలేశాను.

మావయ్య: బాగున్న మోటారు కదురా! ఈపాటికి ఇంకెవడి కారులోనో తిరుగుతుంటుంది, 6,500కి.