నీళ్లు తగ్గిస్తే కాయ తియ్యనవుతుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మా బాబాయి వచ్చారు. నల్గొండ దగ్గర ఆయనకు బత్తాయి తోట ఉంది. స్పెయిన్ తోటల గురించి చదివి, వారం రోజులుగా ఫోనులో నాకు పాఠాలు చెబుతున్నారు.

బాబాయి: పాఠం కాదమ్మా, అసూయ. ఆగ్నేయ స్పెయిన్‌లోని ముర్సియాలో ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మన అనంతపురమే నయం. అయినా నిమ్మకాయలు యూరప్ అంతా పంపుతారు.

వ్యాఖ్యాత: మరి నీళ్లెక్కడివి?

బాబాయి: తాహో నది నుంచి దాదాపు 300 కిలోమీటర్ల కాలువ. 1979 నుంచి పారుతోంది. కరువొస్తే పైవాళ్లు బిగిస్తారు, మన కృష్ణా పంచాయితీ లాగే. అందుకే ఊళ్ల మురుగునీటిని శుద్ధిచేసి తోటలకు మళ్లించారు.

వ్యాఖ్యాత: తినే కాయలకా?

బాబాయి: ముఖం అలా పెట్టకు. హైదరాబాద్ మురుగు మూసీ కాలువల్లో మన పొలాలకు రావడం లేదా? వాళ్లు వడపోసి, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపి, డ్రిప్పుతో చెట్టు మొదట్లో ఇస్తారు. నీరు కాయను తాకదు. రాలిన కాయను మాత్రం ఏరి అమ్మకూడదు. అసలు భయం ఉప్పుతో. నారింజకు వేళ్ల దగ్గరి మట్టిలో లవణత, అంటే ఉప్పు కొలత, మీటరుకు 1.7 డెసిసీమెన్స్ దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. సబ్బుపొడుల నుంచి వచ్చే బోరాన్ మరొకటి. ఆకు కొసలు పసుపెక్కి మాడిపోతాయి.

వ్యాఖ్యాత: ఎరువు కూడా అందులోనే వస్తుందంటారు కదా?

బాబాయి: వస్తుంది. కానీ నత్రజని ఒక్కదాన్నే ఆపే కుళాయి లేదు. రంగు తిరిగే వేళ కూడా అందుతూ ఉంటే తొక్క పచ్చగానే ఉండిపోతుంది, మందమూ అవుతుంది.

వ్యాఖ్యాత: ఇక నీళ్లు తగ్గించడం. మనం పూతకు ముందు తోటను బెట్టకు వదిలినట్టేనా?

బాబాయి: అక్కడే పొరబడతాం. మన బెట్ట పూత కోసం, వాళ్లది కాయ కోసం. పిందె దశలో తగ్గిస్తే రాలిపోతుంది. ఊరే దశలో తగ్గిస్తే కాయ చిన్నదవుతుంది. పక్వానికి వచ్చేటప్పుడు తగ్గిస్తే రసం చిక్కబడుతుంది. దాహానికి తట్టుకోవడానికి కాయలో చక్కెర కూడా పోగవుతుంది.

వ్యాఖ్యాత: అంటే తియ్యనవుతుంది!

బాబాయి: ఆగు, పులుపూ పెరుగుతుంది. నాలుకకు తెలిసేది రెండింటి పొత్తు. ఫ్లోరిడాలో దీనికి తలకిందుల కథ ఉంది. ఓర్లాండో దగ్గర ఇసుక నేలల్లో 1986 నుంచి శుద్ధిచేసిన నీరు ఇస్తున్నారు. అక్కడ ధారాళంగా నీరు పెట్టి చూశారు. రసంలో చక్కెర శాతం తగ్గింది, కాయలు మాత్రం విరగకాశాయి. ఎకరం మీద లెక్కేస్తే మొత్తం చక్కెర ఎక్కువే తేలింది.

వ్యాఖ్యాత: మరి శుద్ధిచేసిన నీటినే తక్కువగా ఇస్తే?

బాబాయి: నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. చెట్టు నీరు తాగి ఉప్పును మట్టిలో వదిలేస్తుంది. దాన్ని కిందికి కడిగేది మనం పోసే అదనపు నీరే. ఆ నీటినే కోస్తే ఉప్పు వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. మొదటి ఏడు కాయ బాగుంది కదా అని మురిసిపోతాం. ఉప్పు మాత్రం లోపల పద్దు రాసుకుంటూ పోతుంది. గట్టి వాన పడి, నీరింకే నేల అయితే కొంత దిగిపోతుంది. నల్లరేగడిలో కష్టం. రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్కలైతే నయం. ఆ వేరు ఉప్పులోని క్లోరైడును చాలావరకు పైకి పోనివ్వదు.

వ్యాఖ్యాత: ఇంత తంటాలు పడితే ధర వస్తుందా?

బాబాయి: మార్కెట్లో తియ్యదనాన్ని ఎవరు చూస్తారమ్మా? టన్ను లెక్క. పైగా సూటు పేరుతో తరుగు. కాయ చిన్నదైతే నష్టం నాదే.

వ్యాఖ్యాత: అయితే ప్రయత్నించరా?

బాబాయి: నాలుగు చెట్లకు చేస్తాను, కోతకు నెల ముందు నుంచి. బోరు నీరు పరీక్షకు ఇచ్చాను. ఆ కాగితం చేతికొచ్చాకే వాల్వు మీద చెయ్యి వేస్తాను.