మసక పట్టిన 1950 ప్రూఫ్ హాఫ్ డాలర్: కన్జర్వేషన్‌కి పంపాలా, వద్దా?

నమస్కారం అండి. ఇవాళ టేబుల్ మీదున్నది 1950 ఫ్రాంక్లిన్ హాఫ్ డాలర్, ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన ప్రూఫ్, అంటే సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టింది. అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌కి వెళ్లే మనవాళ్లకి ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. అద్దంలా మెరవాల్సిన నాణెం, పైన పలచగా తెల్లటి మసక. డబ్బులు పెట్టి ప్రొఫెషనల్స్‌తో బాగు చేయించాలా, ఇలాగే వదిలెయ్యాలా?

ముందు ఈ మసక ఎక్కడిదో చూద్దాం. 1942తో ఆగిపోయిన ప్రూఫ్ సెట్లని మళ్లీ మొదలుపెట్టింది 1950లోనే. సెట్ ధర 2 డాలర్ల 10 సెంట్లు, ఆ ఏడాది చేసినవి 51,386 సెట్లు. ఒక్కో నాణేన్ని ఒక్కో సెల్లోఫేన్ సంచిలో వేసి, ఐదింటినీ కలిపి స్టేపుల్ కొట్టి, చిన్న అట్టపెట్టెలో పంపేవాళ్లు. ఆ సెల్లోఫేన్, ఆ అట్ట మధ్య ఇన్నేళ్లు కూర్చుంటే వెండి ఇలా కాక ఇంకెలా ఉంటుంది!

ఇప్పుడు ఒక్కటే బల్బు కింద వంచి చూపిస్తాను. వెనక వైపున్న లిబర్టీ బెల్ గంట బొమ్మ పక్కన ఖాళీ జాగా చూడండి. ఇలా పడితే బూడిద రంగు. కొంచెం తిప్పగానే, అదిగో, నల్లగా అద్దం. అంటే అద్దం కిందే ఉంది, మసక పైపొర మాత్రమే. ఎటు తిప్పినా బూడిదగానే ఉంటే వెండి పైభాగమే దెబ్బతిందన్నమాట. దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

1950తో ఇంకో మెలిక ఉంది. ఆ ఏడాది మొదట్లో కొట్టిన ప్రూఫ్‌లు పూర్తి అద్దంలా ఉండవు, శాటిన్ గుడ్డలా ఉంటాయి. అవి పుట్టడమే అలా పుట్టాయి. దాన్ని మసక అనుకుని పంపితే డబ్బు దండగ.

సరే, లూప్, అదే చిన్న భూతద్దం, తీద్దాం. ఫ్రాంక్లిన్ ముక్కు ముందు వంకర తిరిగిన చిన్న గీత ఉంది కదా, అది డై, అంటే నాణెం కొట్టే అచ్చు, దాని మీద నూలు పోగు పడి అచ్చైంది. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. నన్ను ఆపుతున్నవి దాని కిందున్న ఈ వెంట్రుకల్లాంటి తిన్నని గీతలు. ఎప్పుడో ఎవరో గుడ్డతో తుడిచారు. మసక ఉన్నంతకాలం ఇవి సగం దాక్కుంటాయి, మసక తీసేస్తే అన్నీ బయటపడతాయి. బాగు చేయించాక కూడా గ్రేడ్, అంటే నాణెం స్థితికి ఇచ్చే మార్కు, అనుకున్నంత రాకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

"ఇంట్లో చేసుకుంటే పోలా?" అంటారా? వెండి కంచానికి రాసే చింతపండు, విభూతి దీని దగ్గరికి రానివ్వకండి. బజార్లో దొరికే డిప్, అంటే నాణేన్ని ముంచి మసక తీసే ద్రవం, ఇంకా ప్రమాదం. అందులో ఉండే ఆసిడ్, థయోయూరియా మసకతో పాటు కొంచెం వెండిని కూడా తీసుకుపోతాయి. కాస్త ఎక్కువసేపు ముంచారంటే అసలుకే ఎసరు. స్వచ్ఛమైన అసిటోన్ అయితే పర్లేదు, జిడ్డుని, మెత్తటి ప్లాస్టిక్ కవర్ల నుంచి అంటే పీవీసీ మరకని కరిగిస్తుంది గానీ వెండి జోలికి పోదు. గాజు గిన్నెలో, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చెయ్యాలి, రుద్దకూడదు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులో ఇంకేవేవో కలుపుతారు. దీన్ని అసిటోన్‌లో ముంచి చూశాను, మసక కదల్లేదు.

ఇక మిగిలింది ఎన్‌సీఎస్, పీసీజీఎస్ రెస్టోరేషన్ లాంటి, నాణేలని బాగు చేసే సర్వీసులు. పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ వాళ్ల ఫీజు, ఆపైన గ్రేడింగ్, రానూపోనూ ఇన్సూరెన్స్‌తో పోస్టేజీ, అన్నీ కలుపుకోండి. 1961 ప్రూఫ్ అయితే అసలు ఆలోచించను, అవి 30 లక్షలకి పైనే కొట్టారు. 1950కి ఆలోచించొచ్చు, ముఖ్యంగా మసక కింద ఫ్రాంక్లిన్ ముఖం తెల్లగా మంచు పట్టినట్టు కనిపిస్తే. దాన్నే కామియో అంటారు. కొత్త డైతో కొట్టిన మొదటి కొన్నింటికే అది వస్తుంది, ధర ఎక్కడికో వెళ్లిపోతుంది.

దీనికి కామియో లేదు. ముఖం కూడా అద్దంలాగే మెరుస్తోంది. పైగా అంచు చుట్టూ బంగారు రంగు, లోపలికి నీలం తిరిగింది, అదంటే ఇష్టపడి కొనేవాళ్లున్నారు. శుభ్రం చేస్తే అదీ పోవచ్చు. కాబట్టి నేను పంపట్లేదు. పీవీసీ లేని గట్టి క్యాప్సూల్‌లోకి మారుస్తున్నాను, అంతే. ఆ పాత అట్టపెట్టె మాత్రం పారెయ్యకండి, ఖాళీది కూడా కొనేవాళ్లున్నారు.