పిల్లి అడుగుకు 12 ఫ్రేములు: పాత కార్టూన్ల సంగీతం వెనక లెక్క

[తెరపై: మునివేళ్ల మీద నడుస్తున్న పిల్లి కాళ్లు. ప్రతి అడుగుకూ వయొలిన్ తీగ మీటిన "టుంక్"]

టామ్ చప్పుడు కాకుండా నడుస్తుంటాడు. అడుగు పడిన ప్రతిసారీ వయొలిన్ తీగ మోగుతుంది. బొమ్మ చూసుకుంటూ వాయించారు కాబోలు అనుకుంటాం. కాదు. ఆ అడుగు ఎంతసేపు ఉండాలో బొమ్మ గీయకముందే తేలిపోయింది.

[తెరపై: 24 × 60 = 1440]

సినిమా సెకనుకు 24 ఫ్రేములు (కదలని బొమ్మలు), అంటే నిమిషానికి 1440. ఒక్కో అడుగుకు ఎన్ని ఫ్రేములో చూసి, 1440ని దాంతో భాగిస్తే టెంపో, అంటే సంగీతం వేగం, వచ్చేస్తుంది. 12 ఫ్రేములైతే నిమిషానికి 120 బీట్లు, మామూలు నడక. 16 అయితే 90, బద్ధకపు నడక. 8 అయితే 180, ఇక తరుముడే.

[తెరపై: నిలువు గళ్ల కాగితం, దగ్గరగా]

యానిమేటర్ చేతిలో ఉండే ఎక్స్‌పోజర్ షీట్ ఇది. ఒక్కో వరుస ఒక్కో ఫ్రేమ్. 12 ఫ్రేముల నడకైతే 1, 13, 25 వరుసల దగ్గర గుర్తులు. మడమ నేలను తాకే బొమ్మ కచ్చితంగా అక్కడే పడాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు కాబట్టి అడుగుకు ఆరు బొమ్మలు చాలు. 9 ఫ్రేముల బీట్ ఎంచుకుంటేనే చిక్కు: రెండుతో సరిగ్గా తెగదు, ఎక్కడో ఒక బొమ్మను ఒక్క ఫ్రేముకే కుదించాలి.

దర్శకుడి దగ్గర బార్ షీట్ ఉంటుంది: ఒక వరుసలో సంగీతం, దాని కిందే ఎవరు ఎప్పుడు పడతారు, ఎవరు ఎప్పుడు తంతారు.

[తెరపై: 1928]

కాగితం మీద లెక్క కుదిరినంత మాత్రాన వాద్యబృందం కుదరదు. డిస్నీ వాళ్ల 'స్టీమ్‌బోట్ విల్లీ' బొమ్మలు మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ లయ చూపే పరికరం) లెక్క ప్రకారమే గీశారు. అయినా న్యూయార్క్‌లో మొదటి రికార్డింగ్ పాడైంది. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ బొమ్మతో పాటు నడవలేకపోయాడు. నిమిషంలో లయ ఒక్క శాతం జారితే 14 ఫ్రేములు తేడా, అంటే ఒక అడుగు కంటే ఎక్కువ! రెండోసారి ఫిల్మ్ మీదే ఎగిరే బంతి గుర్తు వేయించి, దాన్ని చూస్తూ వాయించారు.

కంటికంటే చెవికి చెప్పడమే మేలని తర్వాత తెలిసింది. కార్ల్ స్టాలింగ్, కాన్సాస్ సిటీలో మూకీలకు ఆర్గన్ వాయించిన మనిషి, 'టిక్' పద్ధతి పెట్టాడు. 8, 10, 12 ఫ్రేములకొక టిక్ చొప్పున ముందే రికార్డు చేసి, వాయించే ప్రతి ఒక్కరికీ ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చేవారు. ఒక చెవిలో టిక్, రెండో చెవి పక్కవాళ్ల కోసం. రికార్డింగులో చెవిలో లయ వినిపించే ఇప్పటి క్లిక్ ట్రాక్ మూలం అక్కడే.

[తెరపై: ఎర్ర గౌను, వెనక బాణీ]

1936లో స్టాలింగ్ వార్నర్ స్టూడియో కార్టూన్లకు వచ్చాడు, 1958 దాకా ఉన్నాడు. వార్నర్‌కు సొంత సంగీత ప్రచురణ సంస్థలుండేవి, వాటి పాటలన్నీ అతని చేతికందేవి. ఎర్ర గౌను అమ్మాయి కనబడితే చాలు, 'ద లేడీ ఇన్ రెడ్' (ఎర్ర దుస్తుల్లో అమ్మాయి) పాట బాణీ. పాట తెలిసినవాళ్లకు అదనపు నవ్వు, తెలియనివాళ్లకు నష్టమేం లేదు.

టామ్ అండ్ జెర్రీ తీసిన ఎంజీఎం స్టూడియోలో సంగీతకర్త స్కాట్ బ్రాడ్లీ దారి వేరు. 1944లో 'పుటిన్ ఆన్ ద డాగ్'లో జెర్రీ కుక్క తల తగిలించుకుని తిరిగేచోట సంగీతకర్త షోన్‌బర్గ్ 12 స్వరాల పద్ధతి (12 స్వరాలనూ సమానంగా, ఒక వరుసలో వాడేది) వాడాడు. కచేరీ హాల్లో జనం ముఖం చిట్లించే సంగీతానికి పిల్లలు పకపకా నవ్వారు. ఇద్దరిలో నా ఓటు బ్రాడ్లీకే.

[తెరపై: పళ్లెం తలకు తగిలే క్షణం, ఫ్రేమ్ ఫ్రేముగా]

దెబ్బల దగ్గర ఒక కిటుకు. బొమ్మ, శబ్దం ఒకే ఫ్రేములో పడితే దెబ్బ కాస్త మెత్తగా అనిపిస్తుంది. బొమ్మ ఒకటి రెండు ఫ్రేములు ముందుంటే గట్టిగా తగులుతుంది. శబ్దం ముందొస్తే మాత్రం జోక్ చచ్చినట్టే.

మీరూ లెక్కపెట్టి చూడండి. నడక సీను తీసుకుని, పది సెకన్లలో ఎన్ని అడుగులో లెక్కించి ఆరుతో గుణించండి. 120 రావాల్సిన చోట 125 వస్తే కంగారు పడొద్దు. మన టీవీల్లో నడిచిన పాల్ (PAL) ప్రసార పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అలా మార్చిన కాపీలు సాధారణంగా నాలుగు శాతం వేగంగా నడుస్తాయి, శ్రుతి కూడా కాస్త పైకెళ్తుంది. అమెరికన్ టీవీ కాపీ దొరికితే ఫ్రేములు లెక్కపెట్టకండి, అందులో కొన్ని రెండుసార్లు వస్తాయి. అడుగులే లెక్కపెట్టండి.