పెద్దవాళ్ళ హోమ్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నమస్తే అండి. ఈ రోజు టాపిక్ వినగానే సగం మంది స్కిప్ కొట్టేస్తారని తెలుసు. ఎందుకంటే కుర్రాళ్ళనీ పెద్దవాళ్ళనీ కలిపే కార్యక్రమాలు అనగానే మన కళ్ళ ముందుకొచ్చేది ఒకటే సీన్. స్కూల్ పిల్లలు బస్సు దిగి లైన్లో లోపలికెళ్తారు, రెండు పాటలు, ఒక డాన్సు, పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు, చివర్లో గ్రూప్ ఫోటో, టాటా బైబై. మళ్ళీ వచ్చే ఏడాదే. అది తప్పు అనను, ఆ గంట సరదాగానే గడుస్తుంది, కానీ రెండు తరాలు కలిశాయి అంటే మాత్రం నేనొప్పుకోను. ఎవరి పేరు ఎవరికీ తెలీకుండానే అయిపోయింది కదా.

ఇలాంటి ప్రోగ్రామ్ ఏది కనపడినా నేను చూసేది ఒక్కటే. ఈ వారం ఆ పెద్దాయన రాకపోతే అక్కడ ఎవరికైనా పని ఆగుతుందా? ఆగితే అది నిలబడే ప్రోగ్రామ్. ఆగకపోతే ఆయన్ని ప్రేక్షకుడిగా కూర్చోబెట్టారన్నమాట, అంతే.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, అమెరికాలో 1990ల్లో ఎక్స్‌పీరియన్స్ కోర్ అని ఒక ప్రోగ్రామ్ మొదలైంది. దాని వెనకున్న వాళ్ళల్లో లిండా ఫ్రీడ్ అనే డాక్టర్ ఒకరు, వృద్ధుల వైద్యం ఆవిడ స్పెషాలిటీ. ఆవిడ దగ్గరకొచ్చే పేషెంట్లలో చాలామందికి నొప్పులు, నీరసం నిజమే కానీ వాటికన్నా పెద్ద జబ్బు ఇంకోటి ఉందని ఆవిడకి అర్థమైంది, పొద్దున్నే లేవడానికి ఒక కారణం లేకపోవడం. దానికి మందు రాయలేం కదా. అందుకని అరవై దాటినవాళ్ళని టీములుగా చేసి, ట్రైనింగ్ ఇచ్చి, గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్ళకి పంపారు, చిన్న క్లాసుల పిల్లలతో కూర్చుని చదివించడానికి. ఎప్పుడో వీలున్నప్పుడు కాదండోయ్, వారానికి 15 గంటలు, స్కూల్ ఇయర్ మొత్తం. అంత అడిగితే ఎవరొస్తారు అనిపిస్తుంది కదా, కానీ వచ్చారు, ఎందుకంటే వాళ్ళని మీ ఆరోగ్యం కోసం రండి అని పిలవలేదు, పిల్లలకి మీ అవసరం ఉంది రండి అని పిలిచారు.

అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. రెండో క్లాసు పిల్లాడు పుస్తకం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. క్లాసులో టీచర్ దగ్గర ఇంకా పాతిక ముప్పై మంది ఉన్నారు, ఆవిడ ఆగలేదు, మాట తనే చెప్పేసి ముందుకెళ్ళాల్సిందే. పక్కన కూర్చున్న బామ్మగారికి ఆ తొందర లేదు. వేలు ఆ అక్షరం మీదే పెట్టి అలా చూస్తూ ఉంటారు, వాడు ఒకటి తప్పు చెప్తాడు, ఇంకోటి చెప్తాడు, పైకి చూస్తాడు, ఆవిడ ఊ అంటారు, మూడోసారికి వాడే పలుకుతాడు. ఆవిడిచ్చింది పాఠం కూడా కాదు, టైమ్. రిటైరైనవాళ్ళ దగ్గర దండిగా ఉండేది, మిగతా అందరి దగ్గరా కరువైందీ అదే.

దీని మీద అక్కడే బాల్టిమోర్ అనే ఊళ్ళో సీరియస్‌గా స్టడీ చేశారు, 702 మంది పెద్దవాళ్ళని తీసుకుని, ఎవరు స్కూల్‌కి వెళ్ళాలి ఎవరు వెళ్ళకూడదు అనేది లాటరీలాగా తేల్చి. వాళ్ళల్లో కొంతమందికి రెండేళ్ళ పాటు బ్రెయిన్ స్కాన్లు కూడా తీశారు, ఆ రిజల్ట్ 2015లో వచ్చింది. వయసుతో పాటు కుంచించుకుపోయే జ్ఞాపకశక్తి భాగం ఒకటుంటుంది, హిప్పోకాంపస్ అంటారు, స్కూళ్ళకెళ్ళిన మగవాళ్ళలో అది తగ్గకపోగా కాస్త పెరిగింది. ఆడవాళ్ళలో అంత స్పష్టంగా కనపడలేదు, అది కూడా చెప్పాలి కదా, లేకపోతే రేపు ఎవరో ఒకరు "మతిమరుపుకి మనవళ్ళే మందు" అని థంబ్‌నెయిల్ పెట్టేస్తారు.

ఇప్పుడు కుర్రాళ్ళ వైపు నుంచి చూద్దాం. నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్ళో హ్యుమానిటాస్ అని పెద్దవాళ్ళ హోమ్ ఉంది. అప్పట్లో దాని డైరెక్టర్‌గా ఉన్న గేయా సైప్కెస్ ఏం చేశారంటే ఖాళీగా ఉన్న కొన్ని గదులు కాలేజీ స్టూడెంట్స్‌కి అద్దె లేకుండా ఇచ్చేశారు. కండిషన్ ఏంటంటే నెలకి 30 గంటలు మంచి పొరుగువాడిలా ఉండాలి. అంటే కలిసి భోంచేయడం, మ్యాచ్ చూడటం, ఈమెయిల్ ఎలా పంపాలో చూపించడం, ఒంట్లో బాలేనప్పుడు కాసేపు పక్కన కూర్చోవడం. నర్సింగ్ పని మాత్రం వాళ్ళది కాదు, స్నానం చేయించడం, మందులివ్వడం అన్నీ స్టాఫే చూసుకుంటారు. ఈ గీత గీయడం చాలా చాలా ముఖ్యమండి, లేకపోతే స్టూడెంట్స్‌ని జీతం లేని ఆయాల్ని చేసేస్తారు, ఆరు నెలలకి పారిపోతారు.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే, నూట అరవై మంది దాకా పెద్దవాళ్ళుంటే స్టూడెంట్స్ ఆరుగురే. ఆరుగురితో ఏమవుతుంది అంటారేమో, డైనింగ్ టేబుల్ దగ్గర కబుర్లు మారిపోతాయి. అప్పటిదాకా ఎవరి మోకాలు ఎంత నొప్పి, ఎవర్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఇప్పుడేమో ఆ మూడో గది అబ్బాయి రాత్రి ఎన్నింటికొచ్చాడు, మొన్న వచ్చిన అమ్మాయేనా ఇవాళ వచ్చింది కూడా. వాళ్ళకి మాట్లాడుకోడానికి బయటి ప్రపంచం దొరికింది, అదీ గుమ్మం లోపలే.

ఇదంతా ఎందుకు పనిచేస్తుందో 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే సైకాలజిస్ట్ చెప్పాడు. ఆయన మాట్లాడింది జాతుల మధ్య ద్వేషం గురించి, కానీ ఇక్కడా సరిపోతుంది. రెండు గుంపుల్ని ఊరికే ఒక గదిలో పడేస్తే సరిపోదు, ఇద్దరికీ సమాన స్థానం ఉండాలి, కలిసి సాధించాల్సింది ఏదో ఉండాలి, పోటీ ఉండకూడదు, పైనున్నవాళ్ళ సపోర్ట్ ఉండాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో వయసు వివక్ష మీద రిపోర్ట్ ఇచ్చినప్పుడు కూడా, చట్టాలు, చదువుతో పాటు మూడో మార్గంగా ఈ తరాల మధ్య పరిచయాన్నే చెప్పింది.

ఆ సమాన స్థానం అన్న దగ్గరే మనవాళ్ళు బోల్తా పడతారు. నలభై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు తేల్చిన మనిషి చేతికి క్రేయాన్ ఇచ్చి సీతాకోకచిలుకకి రంగులేయమంటారు, పైగా "అబ్బో, ఎంత బాగా వేశారో" అని పసిపిల్లలతో మాట్లాడే గొంతుతో. ఆయన నవ్వుతాడు పాపం, మర్యాదస్తుడు కాబట్టి. వచ్చే వారం తలనొప్పి అంటాడు. అదే ఆయన్ని ఇంటర్ పిల్లలకి లోన్ కాగితం ఎలా చదవాలో చెప్పమనండి, ముందు రోజు రాత్రే నోట్స్ రాసుకుని వస్తాడు.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. చిన్న పిల్లలు వస్తే జలుబులు కూడా వస్తాయి. వినికిడి తక్కువున్నవాళ్ళకి ఎకో కొట్టే పెద్ద హాలు నరకం, చిన్న గది, నలుగురైదుగురు చాలు. రానూపోనూ బండి ఇంకో తలనొప్పి, అందుకే కొన్ని చోట్ల అసలు ఒకే కప్పు కింద పెట్టేశారు. టోక్యోలో కోతోఎన్ అనే చోట పెద్దవాళ్ళ హోమ్, పిల్లల కేంద్రం దశాబ్దాలుగా అలాగే నడుస్తున్నాయి, సియాటిల్‌లో ప్రావిడెన్స్ మౌంట్ సెయింట్ విన్సెంట్ అనే హోమ్‌లో 1991 నుంచి పిల్లల కేంద్రం ఉంది. ఇక రోజూ కథ చెప్పే తాతగారు చనిపోతే పిల్లలకేం చెప్పాలి? ఊరెళ్ళారు అని అబద్ధం చెప్పకండి, వాళ్ళకి తెలిసిపోతుంది. పేరు పెట్టి, చనిపోయారని చెప్పి, వాళ్ళేమడిగితే దానికి జవాబివ్వండి, అంతే.

అన్నిటికన్నా పెద్ద సమస్య ఎవరూ మాట్లాడనిది, ఫోన్లు చేసే మనిషి. ఎవరికి ఎవరు జత కుదురుతారు, ఎవరి మీద వెరిఫికేషన్ పూర్తయింది, ఈ వారం ఎవరు రావట్లేదు, ఎవరెవరికి పడట్లేదు, ఇదంతా చూసుకునే కోఆర్డినేటర్. జర్మనీ 2006లో బహుళ తరాల ఇళ్ళు అని కేంద్ర ప్రభుత్వ పథకంగా మొదలెట్టింది, ఇప్పుడు దేశమంతా ఐదొందలకి పైనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి కూర్చోగలిగే ఒక హాలు, వాలంటీర్లు, వాటితో పాటు ఇదంతా నడపడానికి ప్రభుత్వం నుంచి ఏటా వచ్చే డబ్బు. కాబట్టి మీ కాలనీలోనో కాలేజీలోనో ఎవరైనా ఇలాంటిది మొదలెడదాం అంటే బ్యానర్‌కి ఎంత, స్నాక్స్‌కి ఎంత అని మొదలుపెట్టకండి, ముందు కోఆర్డినేటర్ జీతం ఎవరిస్తారు, ఎన్నేళ్ళిస్తారు అని అడగండి. ఆ సంగతి తేలాకే పెద్దవాళ్ళకి మాటివ్వండి.