ఇంగ్లండ్‌లో మన వంటింటి ఫుడ్ క్యాడీ: ఏం వేయాలి, వాసన రాకుండా ఎలా ఉంచాలి

నమస్తే అండి. ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళ కోసం ఈ వీడియో. ఇదిగో, మూతా హ్యాండిలూ ఉన్న ఈ చిన్న డబ్బా చూస్తున్నారు కదా, తిండి వ్యర్థాలు వేసే కిచెన్ క్యాడీ అంటారు. కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది, మీ ఇంటికీ ఇచ్చే ఉంటుంది. చాలా ఇళ్ళల్లో సింక్ కింద, సబ్బు డబ్బాల వెనకాల కొత్తది కొత్తగానే పడుంటుంది. ఈ రోజు దాన్ని బయటికి తీయించాలని నా పట్టుదల.

2026 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి ఇంటి నుంచీ తిండి వ్యర్థాలు వారం వారం విడిగా తీసుకెళ్ళాలని కౌన్సిళ్ళకి నిబంధన పెట్టారు. కొన్నిచోట్ల గడువు పొడిగించారు, అందుకని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి చూసుకోండి. పక్కనున్న వేల్స్‌లో ఇది ఏళ్ళ తరబడి నడుస్తున్న అలవాటే.

సరే, ఇందులో ఏం వేయాలి? కూరగాయ తొక్కలే వేయాలని చాలామంది అనుకుంటారు. కాదండీ. వండినది, వండనిది, అన్నీ. మటన్ బొమికలు, చేప ముళ్ళు, రొయ్య పొట్టు, కంచంలో మిగిలిన అన్నం, నమిలేసిన మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి, తీసి పక్కన పెట్టిన కరివేపాకు, మామిడి టెంకలు, గుడ్డు పెంకులు, టీ పొడి. బూజు పట్టిన పచ్చడి కూడా, సీసాలోంచి గీకి వేయండి. సీసా మాత్రం గ్లాస్ రీసైక్లింగ్‌కి. కొబ్బరి చిప్పల దగ్గర కౌన్సిల్‌కో మాట ఉంటుంది, వాళ్ళ జాబితా చూడండి.

వేయకూడనివి రెండే గుర్తుపెట్టుకోండి: ప్యాకింగ్, ద్రవాలు. మిగిలిపోయిన సాంబారుంటే ఇలా జల్లెడలో వంపండి, ముక్కలు క్యాడీలోకి. గారెలు వేయించిన నూనెని సింక్‌లో పోయకండి, గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. చల్లారాక సీసాలో పోసి ఉంచి టిప్‌కి, అంటే మనమే చెత్త పట్టుకెళ్ళి వేసే కౌన్సిల్ కేంద్రానికి, తీసుకెళ్ళండి; చాలా టిప్‌లలో వంటనూనెకి వేరే ట్యాంకు ఉంటుంది.

ఇక అందరూ అడిగేది, వాసన. నిజం చెప్పాలంటే, అదే అన్నం, అవే ముళ్ళు ఇదివరకు మామూలు చెత్త వేసే నల్ల బిన్‌లోనూ ఉన్నాయి, అక్కడ రెండేసి వారాలు కుళ్ళేవి. ఇది వారానికోసారి వెళ్ళిపోతుంది. అడుగున ఇలా రెండు మడతలు న్యూస్‌పేపర్ వేయండి, తడి పీల్చుకుంటుంది. పైన లైనర్, అంటే క్యాడీ లోపల పరిచే సంచి. ఏ లైనర్ అన్నది మళ్ళీ కౌన్సిల్‌ని బట్టే: కొందరు కంపోస్ట్ అయ్యేవే అంటారు, కొందరు మామూలు ప్లాస్టిక్ సంచి కూడా ఒప్పుకుంటారు. నిండేదాకా ఆగకుండా రెండు రోజులకోసారి మూటకట్టి బయట పెద్ద క్యాడీలో పడేయండి. దాని హ్యాండిల్ ముందుకి వంచండి... టక్‌మంది చూశారా? మూత లాక్ అయింది, ఇక నక్కలు తెరవలేవు. ఎండాకాలంలో చేపలు చేసుకుంటే ఆ వ్యర్థాన్ని పాత కవర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో ఉంచి, బండి వచ్చే ముందురోజు రాత్రి కవర్ తీసేసి క్యాడీలో వేయండి.

మన ఊళ్ళల్లో గేదెలున్న ఇంట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, తొక్కలు, మిగిలిన అన్నం, అన్నీ అందులోకే. విడిగా తీసిపెట్టడం మన పెద్దవాళ్ళ చేతికి అలవాటైన పనే.

ఇక్కడ ఇదంతా ఎక్కువగా ఏనరోబిక్ డైజెషన్ ప్లాంట్‌కి వెళ్తుంది. గాలి చొరబడని ట్యాంకుల్లో సూక్ష్మజీవులు దీన్ని తిని మీథేన్ గ్యాస్ ఇస్తాయి. దానితో కరెంట్ తీస్తారు, లేదా శుద్ధి చేసి గ్యాస్ పైపులైన్‌లో కలుపుతారు. మిగిలినది పొలాలకి ఎరువు. అదే తిండి ల్యాండ్‌ఫిల్‌లో పూడితే అదే మీథేన్ గాల్లో కలుస్తుంది; వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడి పెంచుతుంది. కాల్చే ప్లాంట్‌కి పంపినా, తిండిలో ఎక్కువ భాగం నీరే కాబట్టి సరిగా మండదు. అందుకే నాకు ఈ చిన్న డబ్బా మీద ఇంత పట్టింపు.

ఇంట్లో పిల్లలకీ, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారికీ, మావయ్యగారికీ గుర్తుండాలంటే నల్ల బిన్ మూత మీద తెలుగులోనే రాసి అంటించండి: "ఇందులో తిండి వేయొద్దు". క్యాడీని సింక్ కింద దాచకుండా కూరగాయలు తరిగే చోటే పెట్టండి.

ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి ఇంటికో బయటి క్యాడీ రాదు, కింద అందరికీ కలిపి ఒక బిన్ పెడతారు. మీ బ్లాక్‌లో అది లేకపోతే కౌన్సిల్‌కీ, బిల్డింగ్ మేనేజర్‌కీ ఇద్దరికీ మెయిల్ పెట్టండి. పక్క ఫ్లాట్ల వాళ్ళ పేర్లు కూడా కలిపి అడిగితే త్వరగా కదులుతారు.