మన పొలంలో గీత ఎవరు గీశారు?

(విశాఖ స్టూడియోలో జరిగిన చర్చ. మాస్టర్ ప్లాన్ రోడ్ల మీద ఆనందపురం వైపు రైతులు లేవనెత్తిన అభ్యంతరాలే విషయం. మాటలు ఒకదానిమీద ఒకటి పడిన చోట్లను అలాగే ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖ ప్రాంతంలో ఏ భూమి దేనికో, రోడ్లు ఎక్కడో చూపే 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2021లో వచ్చింది. ఆ మ్యాప్‌లోని రోడ్డు గీతల మీద గొడవ ఇంకా చల్లారలేదు. నా మొదటి ప్రశ్న సూటిగా అడుగుతున్నా. ఈ మ్యాప్ రైతుకు అర్థమయ్యే తెలుగులో ఉందా? ముందు మీరు చెప్పండి బాబూ.

రైతు: మాది ఆనందపురం పక్కన పల్లెండి. ఎకరా డెబ్బై సెంట్లు, జిరాయితీ. అమ్మాయి పెళ్లికని అర ఎకరం అమ్ముదామనుకున్నాం. బేరం కుదిరింది. కొనీ ఆయన ఫోన్లో మ్యాప్ తీసి ‘ఇందులోంచి రోడ్డు పోతంది, నాకొద్దు’ అన్నాడు. అప్పుడే తెలిసిందండి మాకు. ఇంటికి కాయితం రాలేదు, ఊళ్లో టముకు కొట్టలేదు...

బిల్డర్: ఒక్క నిమిషం, ఇక్కడే తప్పు అర్థం చేసుకుంటున్నారు. గీత పడగానే భూమి పోయినట్టు కాదు. సేకరణ జరిగేదాకా హక్కు ఆయనదే.

రైతు: హక్కు నాదేనండి, కొనీవోడే లేడు.

బిల్డర్: అదే అంటున్నా. రోడ్డు వస్తే మిగిలిన ఎకరం విలువ ఎంతవుతుందో ఆయనకు ఎవరూ చెప్పడం లేదు. మధురవాడ సంగతి చూడండి. ఒకప్పుడు...

మాజీ కార్పొరేటర్: మధురవాడలో లాభపడింది ఎవరండీ? పొలం మొదట అమ్ముకున్నవాడా, రెండోసారి కొన్నవాడా?

బిల్డర్: అమ్మా, నన్ను పూర్తి చెయ్యనివ్వండి. నగరం పెరగాలంటే రోడ్డు గీత ముందే ఉండాలి. ఇళ్లు కట్టాక గీస్తే కూల్చాలి. కూల్చమంటారా?

వ్యాఖ్యాత: మంచి పాయింట్. ప్లానర్ గారూ, మీరు చెప్పండి. తెలుగులో మ్యాప్...

ప్లానర్: దాని దగ్గరకే వస్తాను. మ్యాప్ ఏ భాషలో ఉందన్నది తర్వాత, కలం ఎవరి చేతిలో ఉందన్నది ముందు. వుడా, అంటే విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, 1978లో వచ్చింది. 2018లో అది మెట్రోపాలిటన్ ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే వీఎంఆర్‌డీఏ అయింది. మాస్టర్ ప్లాన్ తయారుచేసేది ఆ సంస్థే. కార్పొరేషన్ వేరు. 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్లో 18 అంశాలు పెడితే మొదటివే పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ. పది లక్షల జనాభా దాటిన నగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని ఎన్నికైన ప్రతినిధులే తమలోంచి ఎన్నుకోవాలి. కార్పొరేటర్లూ, పంచాయతీ అధ్యక్షులూ కూర్చుని గీయాల్సిన...

బిల్డర్: కార్పొరేటర్లు గీస్తారా ప్లాన్? వాళ్ల వార్డులో డ్రైనేజీ చూసుకోమనండి!

మాజీ కార్పొరేటర్: అసలు కార్పొరేటర్లు ఉంటే కదా! గ్రేటర్ విశాఖకు 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. అన్నేళ్లలో కౌన్సిల్లో నిలబడి ‘మా వార్డులో ఈ గెడ్డ, అదే వాగు, పక్కన అపార్ట్‌మెంట్లు వద్దు’ అని అడిగే నోరే లేదు.

వ్యాఖ్యాత: అంటే ప్రజలకు తెలుగులో చెప్పే దిక్కు లేదంటారు.

మాజీ కార్పొరేటర్: భాష ఒక్కటే కాదండీ, నేను చెప్పేది...

బిల్డర్: గెడ్డ అన్నారు కాబట్టి చెప్తున్నా. గెడ్డలు ఆక్రమించింది బిల్డర్లు కాదు. అనుమతి తీసుకుని కట్టేవాడిని వదిలేసి...

ప్లానర్: ఆక్రమణ వేరు, ఏ భూమి దేనికో నిర్ణయించే జోనింగ్ వేరు. ఆర్ఆర్ వెంకటాపురం గుర్తు తెచ్చుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ ఫ్యాక్టరీ 1960ల నాటిది. ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. ఫ్యాక్టరీకీ ఇళ్లకూ మధ్య ఖాళీ ఉంచమని చెప్పాల్సింది భూ వినియోగ పటమే. ఆ పటంలో రంగు మారితే, అంటే భూమి వాడకం మారితే ఏమవుతుందో విశాఖకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

(కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.)

బిల్డర్: అది బాధాకరం, కాదనను. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని అభివృద్ధి ఆపుతామా? మన నగరం ఒక గిన్నె. ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ, ఎదురుగా సముద్రం. పెరగడానికి భీమిలి వైపు, ఆనందపురం వైపు తప్ప చోటేదీ?

మాజీ కార్పొరేటర్: భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలున్నాయి. జియోలాజికల్ సర్వే వారసత్వ స్థలంగా గుర్తించినవి. వాటి అంచులు కూడా ఎదుగుదలేనా?

బిల్డర్: దిబ్బల మీద కడతామని నేనన్నానా? మళ్లీ చెప్తున్నా, రోడ్డు గీత ఉండాలి. రాసుకోండి. రోడ్డు గీత ఉండాలి.

వ్యాఖ్యాత: రోడ్డు ఉండాలన్నదాన్ని ఎవరూ కాదనలేరు. ప్లానర్ గారూ, అభ్యంతరం చెప్పే గడువులో మ్యాప్ తెలుగులో...

ప్లానర్: తెలుగులో ఉంటే మంచిదే. అయినా సర్వే నంబరు వేసి గ్రామసభలో గోడకు అంటించకపోతే ఏ భాషైనా ఒకటే. అభ్యంతరం పెట్టినవాడికి ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో రాతపూర్వకంగా జవాబు రావాలి. భూ వినియోగం మార్చాలంటే చివరి ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వానిది. పలుకుబడి ఉన్నవాడి ఫైలు అక్కడిదాకా నడుస్తుంది. ఈయన ఫైలు...

బిల్డర్: అందరి ఫైలూ నడవదు సార్, నేను నెలలు తిరుగుతున్నా! భూమి పోయినవాడికి టీడీఆర్ బాండ్లున్నాయి కదా, డబ్బుకు బదులు అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే బాండ్లు.

రైతు: ఆ బాండ్లేటో నాకు చెప్పినోళ్లు లేరండి. దాంతో పెళ్లి చేసీగలమా? బాండు తెచ్చి పెళ్లివారి చేతిలో ఎట్టీమంటారా?

బిల్డర్: అమ్ముకోవచ్చు! కొనేవాళ్లం మేమే కదా...

మాజీ కార్పొరేటర్: ఏ ధరకు?

బిల్డర్: మార్కెట్ ధరకమ్మా, మార్కెట్! ఇక్కడ అసలు విషయం వదిలేసి...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. దాదాపు నిమిషం వినపడలేదు.)

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. రెండు పక్షాలూ విన్నాం. నగరం ఎదగాలి, రోడ్లు రావాలి అన్నదాని మీద బిల్డర్ గారు బలంగా మాట్లాడారు. మ్యాపులు తెలుగులో రావాలని మా ఛానల్ తరఫున...

రైతు: బాబూ, ఒక్క మాట. మా నంబరు మీద ఆ గీత ఇంకా ఉందా, తీసీసేరా? ఎవుర్నడిగితే చెప్తారండి?

వ్యాఖ్యాత: అది విరామం తర్వాత చూద్దాం బాబూ.

బిల్డర్: విరామం తర్వాత నేను బాండ్ల సంగతి పూర్తిగా చెప్తాను. ఇంతకుముందు సగంలో ఆపేశారు...