షే గిల్జస్-అలెగ్జాండర్ ఎంవీపీ సీజన్ రివ్యూ: జెర్సీ ఫ్రీగా వచ్చింది, మాటలు మాత్రం నావే

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో తిట్టుకోవద్దు. ఇదిగో, ఈ జెర్సీ నేను కొన్నది కాదు. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు పంపారు. "అన్నా, ఇది వేసుకుని షే గురించి ఒక వీడియో చెయ్యండి చాలు" అన్నారు. డబ్బులు ఇవ్వలేదు. జెర్సీ వెనక్కి కూడా అడగలేదు. అంచేత జెర్సీ గురించి రెండు నిమిషాలు, మనిషి గురించి మిగతాదంతా. షే అంటే ఎన్‌బీఏలో, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఓక్లహోమా సిటీ థండర్ టీమ్ ఆటగాడు. ఎంవీపీ అంటే సీజన్‌లో అందరికన్నా గొప్పగా ఆడినవాడికి ఇచ్చే అవార్డు.

జెర్సీ సంగతి. రంగు బావుంది, థండర్ నీలం సరిగ్గా పడింది. బట్ట పలచన. మా డాలస్ ఎండకి అది మంచిదే. వెనక చూడండి, 'గిల్జస్-అలెగ్జాండర్' అని ఈ భుజం దగ్గర మొదలుపెట్టి ఆ భుజం దాకా రాసుకొచ్చారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, తండ్రి పేరు, అసలు పేరు అన్నీ ఒకే గడిలో ఇరికిస్తారు చూడండి, అట్లా ఉంది. ఒక్క లోపం. మొదటి ఉతుకుకే ఈ 2 అంకె కింద మూల లేచింది. కనిపిస్తోందా? ఇక్కడ. మా ఆవిడ పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే అతుక్కుంది, మళ్లీ ఉతికితే మళ్లీ లేచింది. షాపు వాళ్లకి చెప్పాను. "ఈ మాట వీడియోలో లేకపోతే బావుంటుంది" అన్నారు. ఉంది.

ఇప్పుడు అసలు సరుకు: షే 2024-25 సీజన్. అంకెలు మీరు ఈపాటికి పది చోట్ల చూసే ఉంటారు. 76 మ్యాచ్‌లు, సగటున 32.7 పాయింట్లు, 6.4 అసిస్టులు (పక్కవాడు బుట్టలో వేసేలా ఇచ్చిన పాస్‌లు), 5 రీబౌండ్లు (షాట్ తప్పాక పట్టుకున్న బంతులు), లీగ్‌లో టాప్ స్కోరరు. టీమ్ 68 గెలిచింది, 14 ఓడింది. ఎంవీపీ, టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ వచ్చాయి. నేను వాటిని మళ్లీ చదవను.

నాకు నచ్చే కథ వేరే ఉంది. ఈ అవార్డుకి ఇతని పేరు ఒక్కసారిగా పైకి రాలేదు. 2023లో ఓట్లలో ఐదో స్థానం. 2024లో రెండో స్థానం, డెన్వర్ ఆటగాడు యోకిచ్ వెనక. 2025లో 100 మంది ఓటేస్తే 71 మంది ఇతన్ని మొదట పెట్టారు, 29 మంది యోకిచ్‌ని పెట్టారు. ఆ 29 మందిని నేనేమీ అనను. జనవరి దాకా నేనూ వాళ్ల బ్యాచే. యోకిచ్ ఆ సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ సగటుతో, అంటే మూడు లెక్కల్లోనూ పదికి తగ్గకుండా ఆడాడు. 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. అలాంటివాడికి అవార్డు రాలేదని చెబితే మా నాన్నకి కూడా నమ్మబుద్ధి కాలేదు. ఆయనకి బాస్కెట్‌బాల్ అంటే వాలీబాల్ కోర్టుకి రెండు స్తంభాలు ఎక్కువ.

మరి నా మనసు ఎప్పుడు మారింది? జనవరి 22న యూటా మీద 54 కొట్టాడు. సరిగ్గా వారానికి గోల్డెన్ స్టేట్ మీద 52. ఫిబ్రవరి 5న ఫీనిక్స్ మీద 50. మార్చి 3న హ్యూస్టన్ మీద 51. కానీ నా మనసు మార్చింది ఈ యాభైలు కాదు. దాని దగ్గరికే వస్తున్నా.

కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టండి. 2012 జూన్. నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్నా. పొద్దున ఆరున్నరకి టీవీలో ఫైనల్స్, ఓక్లహోమా సిటీకీ మయామీకీ. హాస్టల్ రూమ్‌లో ముగ్గురం. ఆ ఓక్లహోమా టీమ్‌లో డురాంట్‌కి 23 ఏళ్లు, వెస్ట్‌బ్రూక్‌కి 23, హార్డెన్‌కి 22. ఆ ఏడాది 4-1తో ఓడిపోయారు. పర్లేదు, కుర్రాళ్లే కదా, వచ్చే పదేళ్లూ వీళ్లదే అనుకున్నాం. అక్టోబరు వచ్చేసరికి హార్డెన్‌ని హ్యూస్టన్‌కి పంపేశారు. 2016లో డురాంట్ వెళ్లిపోయాడు. చివరికి ఏమైంది? 2014లో డురాంట్ ఎంవీపీ, 2017లో వెస్ట్‌బ్రూక్ ఎంవీపీ, 2018లో హార్డెన్ ఎంవీపీ. ఒకే టీమ్‌లో ముగ్గురు ఎంవీపీలు. కలిసి ఒక్క టైటిల్ లేదు.

నా మొదటి జెర్సీ కూడా అప్పటిదే. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద కొన్నా, వెస్ట్‌బ్రూక్ 0 నంబరు. నకిలీదే, కానీ అంకె ఇప్పటికీ ఊడలేదు, అది గమనించండి. 2017లో వెస్ట్‌బ్రూక్ ఒంటి చేత్తో లాగాడు చూడండి, సగటున 31.6 పాయింట్లు, సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్. నేను ఊగిపోయా. 47 మ్యాచ్‌లు గెలిచారు, ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే ఇంటికి వచ్చారు. అప్పటినుంచి నా బుర్రలో ఒక లెక్క కూర్చుండిపోయింది: పక్కన మంచి ఆటగాళ్లు ఉంటే ఎంవీపీ రాదు, ఎంవీపీ కావాలంటే ఒక్కడే మొయ్యాలి. మనకి ఇది బాగా అర్థమవుతుంది. మల్టీస్టారర్ అనగానే ఎవరికి ఎన్ని పాటలు, ఎవరి పేరు ముందు పడింది, ఎవరికి ఎన్ని నిమిషాలు అని వాచీ పెట్టుకుని కూర్చునే జాతి మనది.

ఇప్పుడు నా ఫేవరెట్ ఫీచర్. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతా, నచ్చనివాళ్లు ముందుకి జరుపుకోండి.

మ్యాచ్ అయ్యాక కోర్టు మీద ఇంటర్వ్యూ. ఎన్‌బీఏలో మామూలుగా ఎట్లా ఉంటుంది? బాగా ఆడినవాడు ఒక్కడు నిలబడతాడు, మైకు పట్టుకుని ఒకరు, చెమట తుడుచుకుంటూ రెండు ముక్కలు. మిగతావాళ్లు అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటారు. థండర్‌లో అట్లా కాదు. టీమ్ మొత్తం వచ్చి వెనక నిలబడుతుంది. పెళ్లి స్టేజీ మీద ఫోటోగ్రాఫర్ "ఇంకొంచెం దగ్గరికి జరగండి" అంటే పెదనాన్నలూ మేనత్తలూ పిల్లలూ ఒకరి మీద ఒకరు పడతారే, అదే సీను. 40 కొట్టినవాడూ అక్కడే, ఆ రోజు కోర్టులోకి అడుగుపెట్టనివాడూ అక్కడే. మధ్యలో కుక్కల్లా మొరుగుతారు కూడా. నిజంగానే, భౌ భౌ అని. మొదటిసారి విన్నప్పుడు మా పక్కింటి కుక్క అనుకున్నా.

నేను ఇది నా కళ్లతో చూశా. జనవరిలో ఒక మ్యాచ్‌కి వెళ్లాం, నేనూ మా బాబాయి కొడుకూ. డాలస్ నుంచి ఐ-35 పట్టుకుంటే మూడు గంటలు. మ్యాచ్ అయిపోయింది, పార్కింగ్‌లో ఇరుక్కుంటామని వాడి తొందర. నేను కదల్లేదు. పైన ఎక్కడో చౌక సీట్లు, మనుషులు వేలెడంత కనిపిస్తున్నారు. అయినా ఆ గుంపు కనిపించింది. షే మాట్లాడుతున్నాడు, వెనక వీళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. ఎదిగిన మగాళ్లు, కోట్ల జీతాలు, కాలేజీ బస్సులో వెనక సీటు అల్లరి. ఆ రాత్రి తిరిగొస్తూ రెడ్ రివర్ దాటేదాకా మా తమ్ముడు పార్కింగ్ గురించి సణుగుతూనే ఉన్నాడు. నేను మాత్రం యోకిచ్ బ్యాచ్ నుంచి అక్కడే దిగిపోయా.

ఇది కెమెరా కోసం నటన అని ఒకాయన పోయిన వీడియో కింద రాశారు. నటనే అనుకుందాం. అయితే కోర్టులో కూడా అదే ఎట్లా కనిపిస్తుంది సార్? ఫైనల్స్ ఐదో మ్యాచ్ తీసుకోండి. షే టీమ్‌లోనే ఆడే జేలెన్ విలియమ్స్ 40 కొట్టాడు. ఎంవీపీ అయినవాడు ఆ రాత్రి ఏం చేశాడు? 31 పాయింట్లు, 10 అసిస్టులు. ఆడుతున్నవాడి చేతికే బంతి ఇచ్చాడు. ఏడో మ్యాచ్, టైటిల్ తేలే రోజు, షే 29 పాయింట్లు, 12 అసిస్టులు. ఇండియానా మీద 103-91.

జేలెన్ విలియమ్స్ ఎక్కడినుంచి వచ్చాడో తెలుసా? 2019లో క్లిప్పర్స్ టీమ్ వాళ్లు పాల్ జార్జ్ అనే ఆటగాడి కోసం షేని ఓక్లహోమాకి ఇచ్చేశారు, దాంతోపాటు బోలెడు డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు కూడా. అందులో ఒక పిక్‌తో 2022లో పన్నెండో వాడిగా వచ్చినవాడే జేలెన్. అంటే షేతో పాటు సారెలో వచ్చినవాడన్నమాట! లూ డోర్ట్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2025లో ఆల్ డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్, అంటే లీగ్‌లో బాగా అడ్డుకునే ఐదుగురిలో ఒకడు. ఆరన్ విగిన్స్ 55వ పిక్. వీళ్లందరూ ఉండబట్టే షే చాలా మ్యాచ్‌ల్లో చివరి క్వార్టర్లో ఎక్కువసేపు బెంచీ మీద కూర్చున్నాడు. మ్యాచ్ అప్పటికే అయిపోయేది మరి. సీజన్ మొత్తం మీద సగటున 12.9 పాయింట్ల తేడాతో గెలిచారు, అది లీగ్ రికార్డు. ఇంకో ఆటగాడైతే "నా పాయింట్లు పోయాయి" అని లెక్క చూసుకునేవాడు. ఇక్కడ ఆ 68 విజయాలే అతని ఓట్లయ్యాయి. నా 2017 లెక్క మూట కట్టి అటక మీద పెట్టేశా.

ఇంక వాచీలు. మేలో అవార్డు ప్రకటించాక ప్రెస్ మీట్ పెట్టారు. టీమ్ అంతా స్టేజీ మీద. ఒక్కొక్కరికీ రోలెక్స్ వాచీ ఇచ్చాడు. మా ఆవిడ అది చూసి, "మీకు ఎంప్లాయీ ఆఫ్ ది క్వార్టర్ వచ్చినప్పుడు టీమ్‌కి ఏమిచ్చారు?" అంది. సమోసాలు ఇచ్చా. అవీ అందరికీ సరిపోలేదు.

సరే, ఇప్పుడు చిరాకు. ఉంది, దాచను. ఫౌల్స్. లోపలికి దూసుకెళ్తాడు, టక్కున ఆగుతాడు, వెనకవాడు వచ్చి తగులుతాడు, ఇతను చేతులు విసిరి కింద పడతాడు, విజిల్. ఫైనల్స్‌కి ముందు రౌండైన వెస్టర్న్ ఫైనల్స్‌లో మినెసోటా జనం "ఫ్రీ త్రో మర్చంట్" అని అరిచారు. ఫ్రీ త్రో అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్. ఫ్రీ త్రోల వ్యాపారి! లెక్క చూస్తే అంత దారుణం కాదు. షే మ్యాచ్‌కి 8.8 ఫ్రీ త్రోలు వేస్తే, మిల్వాకీ ఆటగాడు యానిస్ ఆ సీజన్‌లో 10.6 వేశాడు. యానిస్‌ని ఎవరూ వ్యాపారి అనరు, ఎందుకంటే అతన్ని నిజంగానే నలుగురు మీద పడి కొడుతున్నట్టు కనిపిస్తుంది. షే విషయంలో గాలి కొట్టినట్టు కనిపిస్తుంది. నేను అభిమానినే, అయినా కొన్నిసార్లు రిమోట్ సోఫా మీద పడేశా.

ఇంకో నష్టం కూడా జరిగింది. మా అపార్ట్‌మెంట్ కోర్టులో ఆదివారం ఆటకి ఒక బావగారు వస్తారు. వరసకి బావ కాదు, అందరం అట్లా పిలుస్తాం. ఈ సీజన్ నుంచి ఆయన బంతి పట్టుకుంటే చాలు, పడిపోయి "ఫౌల్!" అంటున్నారు. నలభై రెండేళ్లు. మోకాలికి కట్టు. "షే వేస్తాడు కదా" అంటారు. బావా, షే వేసేది మిడ్ రేంజ్ షాట్ (మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు) కూడా, అది నేర్చుకో. అతను పక్కవాడికి పాస్ కూడా ఇస్తాడు, అది ముందు నేర్చుకో. ఈ వీడియో ఆయన చూస్తారు, చూడాలనే చెబుతున్నా.

రేటింగ్ అడుగుతారు. చిరాకుకి ఒక పాయింటు తీసేద్దామనుకున్నా. కానీ ఆ ఇంటర్వ్యూ గుంపు గుర్తొచ్చి అందులో సగం మళ్లీ కలిపేశా. పదికి తొమ్మిదిన్నర. యోకిచ్ వీడియో చెయ్యమన్నవాళ్లు ఆగండి, అది వేరే ఉంటుంది, దానికి జెర్సీ నేనే కొనుక్కుంటా.

ఈ జెర్సీకి మాత్రం ఐదున్నర. షాపు వాళ్లు చూస్తుంటే ఒక్క మాట: మీ లింకు కింద పెట్టాను, మాట తప్పను. కానీ మీ సైట్లో వెతికా, 2 నంబరు ఒక్కటే అన్ని సైజుల్లో ఉంది. జేలెన్ విలియమ్స్ 8 లేదు, డోర్ట్ 5 లేదు. అవి వేయించండి. ఈసారి జిగురు కాస్త గట్టిది వాడండి.